అమ్మ పేరు రెండో గ్రూపులో వస్తే?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 59 ఏళ్లు. భీమిలి దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. రెండేళ్ల కిందట పై అంగిలి క్యాన్సర్‌కి ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. ఇప్పుడు స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి. వైజాగ్‌లో చూస్తున్న డాక్టరుగారు టార్గెటెడ్ మందు, ఇమ్యునోథెరపీ కలిపి ఇచ్చే ట్రయల్ ఒకటి ఉందని చెప్పి, ఇరవై పైచిలుకు పేజీల కాగితాలు చేతిలో పెట్టారు. మీ మేనమామగారు "ఎలకల మీద చేసేవి మన మీద చేస్తారా" అని గొడవ పెట్టుకున్నారు. అమ్మగారిని చేర్చాలా వద్దా, గురువారం లోపు ఏదో ఒకటి చెప్పాలి.

నేను డాక్టర్ని కాను. నర్సుగా మొదలై, విశాఖలోనే పదహారేళ్లు క్యాన్సర్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేసి పోయినేడు మానేశాను. పేషెంట్ల పక్కన కూర్చుని ఆ కాగితాలు చదివి వినిపించడం, రక్తం తీయించడం, రాత్రిళ్లు వచ్చే ఫోన్లు ఎత్తడం నా పని. అమ్మగారి రిపోర్టులు చూడకుండా చేర్చండనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. ఆ కుర్చీలో కూర్చున్నదానిగా నాకు తెలిసినవి చెబుతాను.

ముందు మేనమామగారి సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని తర్వాత తేలింది. మరుసటేడు ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. అలాంటివాటి తర్వాతే రూల్స్ గట్టిపడ్డాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. ఇక ఎలకల విషయానికొస్తే, మీకు చెప్పింది మూడో దశ ట్రయల్ అయితే ఎలకల దశ ఎప్పుడో దాటిపోయింది. మొదటి దశలో డోసు ఎంతవరకు తట్టుకుంటారో చూస్తారు. రెండో దశలో గడ్డ మీద పని చేస్తుందా లేదా చూస్తారు. మూడో దశలో, ఇప్పుడు అందరికీ ఇస్తున్న వైద్యం కన్నా ఇది మెరుగా కాదా అని వందల మందిలో పోల్చి చూస్తారు. ఏ దశో మొదటి పేజీలోనే ఉంటుంది. మీరు రాయలేదు, చూడండి.

దశ చూశాక నేనైతే నేరుగా "ఏ గ్రూపుకి ఏమిస్తారు" అన్న పేజీకి వెళ్తాను. అందరూ కొత్త మందు పేరు దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు చదవాల్సింది రెండో గ్రూపు, అంటే పోల్చి చూడటానికి ఆ కొత్త మందు లేకుండా వైద్యం ఇచ్చేవాళ్ల సంగతి. మూడో దశలో ఎవరు ఏ గ్రూపులో పడతారో కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టరుగారి చేతిలో ఉండదు, మన చేతిలో అసలే ఉండదు. ఒకసారి ఒక నాయకుడి పీఏ ఫోన్ చేసి "మావాడిని కొత్త మందు గ్రూపులో వెయ్యండమ్మా" అన్నాడు. ఆ సీటు ఇప్పించే అధికారం మా హాస్పిటల్ ఓనరుకి కూడా లేదని చెబితే నమ్మలేదు.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: అమ్మ పేరు రెండో గ్రూపులో వచ్చినా మీకు సమ్మతమేనా? తలా మెడా క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీని చాలా దేశాల్లో మొదటి వరుస వైద్యంగా ఇస్తున్నారు. 882 మందితో చేసి 2019లో వెలువరించిన కీనోట్-048 ట్రయల్ దానికి ఆధారం. గడ్డ మీద పీడీ-ఎల్1 అనే గుర్తు (అదేమిటో కింద చెబుతాను) ఎక్కువగా ఉన్నవాళ్లలో సగం మంది బతికిన కాలం, పాత పద్ధతి వైద్యంతో 10.7 నెలలుంటే దీంతో 14.9 నెలలకు వచ్చింది. నాలుగు నెలలేనా అనిపిస్తుంది. కానీ ఆ లెక్క వెనక, మందు పట్టినవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి పట్టి ఉంటుంది. అది కొనుక్కోవాలంటే లక్షలు కావాలి. మీ ట్రయల్‌లో రెండో గ్రూపుకి ఈ ఇంజెక్షనే ఉచితంగా ఇస్తూ, మొదటి గ్రూపుకి దానితోపాటు టార్గెటెడ్ మందు కలుపుతున్నారనుకోండి. అప్పుడు ఏ గ్రూపులో పడినా, మీరు బయట కొనలేని వైద్యం అమ్మకి అందుతుంది. అలా కాక రెండో గ్రూపుకి ఇచ్చేది మామూలు కీమో అయితే, అది బయట ఎక్కడైనా దొరికేదే. అప్పుడు లెక్క వేరు. "ప్లాసిబో" అన్న మాట కనబడితే కంగారు పడకండి. ఇలాంటి వాటిలో అది సాధారణంగా అసలు వైద్యానికి తోడుగా ఇచ్చే ఉత్తుత్తి మాత్ర. అసలు వైద్యం ఇద్దరికీ ఉందో లేదో మాత్రం గట్టిగా అడగండి.

ఇప్పుడు మీరడిగిన రెండో మాట: రెండూ మంచి మందులే అయితే కలిపి ఇవ్వడానికి ఇంత ఆలోచన ఎందుకు?

స్టీల్ ప్లాంట్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లని చూసే ఉంటారు. పాస్ చూపిస్తే వదిలేస్తారు. మన ఒంట్లో టీ కణాలు అలాంటి కాపలావాళ్లు. క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే దొంగ పాస్ చూపించి తప్పించుకుంటుంది. ఇమ్యునోథెరపీ ఆ పాస్ చెల్లకుండా చేస్తుంది. అయితే కాపలావాళ్లు గడ్డ దాకా రావాలి కదా. గడ్డ తన చుట్టూ వంకరటింకర రక్తనాళాలు పెంచుకుని ఆ దారి పాడుచేస్తుంది. వీఈజీఎఫ్ అనే పదార్థం ఆ పని చేయిస్తూ, కాపలావాళ్లని నీరసపరుస్తుంది కూడా. లెన్వాటినిబ్, ఆక్సిటినిబ్ లాంటి టార్గెటెడ్ మాత్రలు దాన్ని అడ్డుకుంటాయి. సెటుక్సిమాబ్, ఎర్లోటినిబ్ లాంటివి ఇంకో రకం. అవి ఈజీఎఫ్ఆర్ అనే ఎదుగుదల స్విచ్‌ని ఆపుతాయి. తలా మెడా క్యాన్సర్లలో ఆ స్విచ్ ఎక్కువగా ఆన్‌లో ఉంటుంది. మీ కాగితాల్లో ఈ రెండింట్లో ఏ పేరుందో చూడండి, ఎందుకంటే ఇబ్బందులు వేరువేరుగా ఉంటాయి. వీఈజీఎఫ్ రకం అయితే బీపీ పెరుగుతుంది, రక్తస్రావం భయం ఉంటుంది. రేడియేషన్ పడిన మెడలో పెద్ద రక్తనాళానికి ఆనుకుని గడ్డ ఉంటే ఇంకా జాగ్రత్త. అమ్మగారి మెడ స్కాన్‌లో ఆ సంగతి ఏముందో అడిగి తీరాలి. ఈజీఎఫ్ఆర్ రకం అయితే మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు, విరేచనాలు, గోళ్ల చుట్టూ పుండ్లు.

కాగితం మీద ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. మనుషులకి ఇచ్చి చూస్తే ఒక్కో క్యాన్సర్‌లో ఒక్కోలా తేలింది. కిడ్నీ క్యాన్సర్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. 861 మందితో చేసిన కీనోట్-426లో పెంబ్రోలిజుమాబ్, ఆక్సిటినిబ్ కలిపి తీసుకున్నవాళ్లలో ఏడాదికి 89.9 శాతం మంది బతికున్నారు, పాత మాత్ర తీసుకున్నవాళ్లలో 78.3 శాతం. కాలేయ క్యాన్సర్‌లో అటెజోలిజుమాబ్ (ఇమ్యునోథెరపీ), బెవాసిజుమాబ్ (వీఈజీఎఫ్‌ని ఆపేది) జోడీ కూడా పాత మాత్రని దాటేసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం ఒసిమెర్టినిబ్ అనే టార్గెటెడ్ మాత్రకి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ కలిపితే 38 శాతం మందికి ఊపిరితిత్తులు వాచాయి. విడివిడిగా ఇచ్చినప్పుడు ఆ ఇబ్బంది నూటికి రెండు మూడుకి మించలేదు. ఆ జోడీని అక్కడితో ఆపేశారు. చర్మ క్యాన్సర్‌లో వెమురాఫెనిబ్ అనే టార్గెటెడ్ మాత్ర, ఇపిలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ కలిపితే లివర్ దెబ్బతిని మొదటి దశలోనే మూసేశారు.

మీ అమ్మగారి జబ్బుకి దగ్గరగా ఉన్నది లీప్-010 అనే ట్రయల్. అందులో పెంబ్రోలిజుమాబ్‌కి లెన్వాటినిబ్ కలిపారు, రెండో గ్రూపుకి పెంబ్రోలిజుమాబ్‌తో ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గడ్డలు ఎక్కువ మందిలో తగ్గాయి. జబ్బు మళ్లీ పెరగడానికి ఎక్కువ కాలం పట్టింది. కానీ మొత్తం మీద బతికిన కాలం పెరగలేదు. 2023లో దాన్ని ఆపారు. స్కాన్ బాగుండటం, మనిషి ఎక్కువకాలం ఉండటం ఒకటే కాదని నాకు బాగా తెలియజెప్పిన ట్రయల్ అది. అందుకే డాక్టరుగారిని "మీరు దేన్ని గెలుపు అనుకుంటారు సార్, గడ్డ తగ్గడమా, బతికే కాలమా?" అని అడగండి. ఏమీ అనుకోరు. మంచి డాక్టరైతే ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

మన దేశంలోనే చేసినది ఇంకోటి ఉంది, నాకు చాలా ఇష్టం. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు తలా మెడా క్యాన్సర్ ముదిరిన 151 మందితో చేశారు. అందరికీ మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు. సగం మందికి అదనంగా మూడు వారాలకోసారి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ 20 మిల్లీగ్రాములు. మామూలుగా రెండు వారాలకి 240 ఇచ్చే మందు అది, అందులో పన్నెండో వంతు. ఏడాదికి బతికున్నవాళ్లు మాత్రలు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 16.3 శాతం, చిన్న డోసు ఇంజెక్షన్ కలిపినవాళ్లలో 43.4 శాతం. ఎర్లోటినిబ్ టార్గెటెడ్ మందే కాబట్టి, మీరడుగుతున్న జోడీకి ఇది మనవాళ్ల రూపం అనుకోవచ్చు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, స్క్రీనింగ్‌లో అమ్మగారు ట్రయల్‌కి పనికిరారని తేలినా దారి మూసుకుపోయినట్టు కాదు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్లదే. రిపోర్టులన్నీ పట్టుకుని అక్కడొకసారి రెండో అభిప్రాయం అడగండి. చూస్తున్న డాక్టరుగారికి చెప్పే వెళ్లండి, దాపరికం అక్కర్లేదు.

అడ్డపొగ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అమ్మగారు మానేశారని రాశారు. నిజంగా మానేశారా? నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్టకీ, అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న లంకె మీద విశాఖ డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. మన తీరంలో ఇది కొత్త సంగతి కాదు. నేను చెప్పేది వేరే: పొగ తాగేవాళ్లలో ఎర్లోటినిబ్ లివర్‌లో తొందరగా కరిగిపోయి, ఒంట్లో మందు దాదాపు సగానికి పడిపోతుంది. ఒకామె చుట్ట దొడ్డివైపు దాచుకుని తాగేది. మందు పట్టట్లేదేమిటా అని మేం తలలు పట్టుకున్నాం. కోడలు చెబితేగానీ తెలియలేదు. అలాగే పసరు, నాటు మందు, కషాయం ఏది వాడుతున్నా చెప్పాలి. కొన్ని మాత్రలకి పంపరపనస కూడా పడదు. కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ అని రాసి ఉంటే ఇది కూడా మానేయాలని అర్థం. మన పెరటి కాయే కదా అని తినేస్తారు.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టినది చెబుతాను. నరసన్నపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ, కిడ్నీ క్యాన్సర్. ఆక్సిటినిబ్ మాత్ర, మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్. రోజూ ఇబ్బందులు రాసుకోవడానికి ఒక డైరీ ఇచ్చాం. పదో వారంలో వాళ్ల కోడలు ఫోన్ చేసింది, "అత్తకి ఐదు రోజుల్నించి నీళ్లలాగే అవుతోందండీ" అని. రోజుకి ఎన్నిసార్లు అంటే ఎనిమిది, తొమ్మిది. ఊళ్లో ఆర్ఎంపీ మాత్రలిస్తే ఒకపూట ఆగి మళ్లీ మొదలు. అంబులెన్స్‌లో వచ్చేసరికి కళ్లు లోపలికి పోయాయి. డైరీ తీసి చూస్తే ఆ గడి ఖాళీ. ఎందుకు రాయలేదమ్మా అంటే, ఆమె వేలితో చూపించిన మాట "అతిసారము". ఎక్కడో ఎవరో డిక్షనరీ పక్కన పెట్టుకుని చేసిన తెలుగు. దాని కింద "శ్వాసకృచ్ఛ్రము" అని ఇంకోటి. అవి తనకి సంబంధించినవి కావనుకుందట. పైగా చెబితే మందు ఆపేస్తారని భయం. ఆ డైరీ ఆమె చేతిలో పెట్టినప్పుడు ఒక్కో గడీ చదివి చెప్పాల్సింది నేను. ఆరోజు ఓపీ రద్దీలో "ఇంటికెళ్లి చూసుకోండి" అనేశాను. తప్పు నాదే.

అప్పుడు వార్డులో జరిగింది మీకు తెలియాలి, ఎందుకంటే రెండు మందులు కలిపినప్పుడు వచ్చే అసలు చిక్కు అదే. విరేచనాలు మాత్ర వల్లా, ఇంజెక్షన్ వల్లా? మాత్ర వల్ల అయితే ఆపిన రెండు మూడు రోజుల్లో తగ్గాలి. ఆక్సిటినిబ్ కొన్ని గంటల్లోనే ఒంట్లో సగమైపోతుంది. ఇంజెక్షన్ వల్ల అయితే అది మన కాపలావాళ్లే పేగు మీద పడటం. ఆ మందు వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, ఆపినంత మాత్రాన తగ్గదు, స్టెరాయిడ్ పెట్టాలి. ఆమెకి మాత్ర ఆపారు, సెలైన్ పెట్టారు, మలం పరీక్షకి పంపారు. రెండు రోజులు చూసినా తగ్గకపోతే పేగులోకి గొట్టం వేసి చూసి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పన్నెండో రోజు ఇంటికెళ్లింది. మొదటి రోజే ఫోన్ వచ్చి ఉంటే బహుశా ఓపీలోనే సర్దుకునేది. ఆ తర్వాత నేను ప్రతి డైరీ మీదా పెన్నుతో "మోషన్స్", "ఆయాసం" అని రాసి ఇచ్చేదాన్ని. అలా కొట్టి రాయకూడదని ట్రయల్ కాగితాలు తనిఖీ చేసే మానిటర్ వచ్చి తిట్టేవాడు. చివరికి పక్కనే వేరే కాగితం పిన్ను చేయడం మొదలుపెట్టాను.

అమ్మగారికి ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయి కాబట్టి ఆయాసం, పొడిదగ్గు కొత్తగా మొదలైనా, పెరిగినా "జబ్బు వల్లేలే" అని ఊరుకోవద్దు. మందు వల్ల వచ్చే వాపు కావచ్చు, టీబీ కావచ్చు. మామూలుకన్నా రోజుకి నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైతే ఆరోజే ఫోన్ చేయాలి. విపరీతమైన నీరసం, కళ్లు పచ్చబడటం, గుండె దడ కూడా అంతే. స్టెరాయిడ్ గానీ యాంటీబయాటిక్ గానీ బయట ఎవరిచ్చినా ముందు ట్రయల్ వాళ్లకి చెప్పాలి. భీమిలి నుంచి రాత్రి రెండు గంటలకి బయల్దేరితే ఏ బండి, ఎవరు నడుపుతారు, ఆసుపత్రిలో ఎవరు దింపుకుంటారు అన్నది ముందే తేల్చుకోండి. ఆ టైములో ఏ నంబరు ఎత్తుతారో గురువారమే అడిగి, మీ ఫోన్‌లోంచి అక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూసుకోండి.

సంతకాల పేజీ దగ్గర రెండు మాటలు. అందులో అమ్మగారి చదువు, పని, ఏడాది ఆదాయం అడిగి, కింద నామినీ పేరు రాయమంటారు. పెందుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ గడి చూసి "అంటే పోతానని ముందే రాసుకుంటున్నారన్నమాట" అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అది మన రూల్స్‌లోనే ఉన్న గడి, అందరితోనూ రాయిస్తారు. ట్రయల్ వల్లే ప్రాణం పోయిందని తేలితే పరిహారం ఎవరికివ్వాలన్నది దాని ఉద్దేశం. ఆ లెక్క 8 లక్షల రూపాయలు ఆధారంగా మొదలై, వయసుని బట్టి, జబ్బు తీవ్రతని బట్టి మారుతుంది. ట్రయల్ వల్ల ఇబ్బంది వస్తే వైద్యం ఖర్చు మీ మీద పడకూడదు. అయితే క్యాన్సర్ దానంతటది పెరిగితే అది పరిహారం కిందకి రాదు. ఎప్పుడైనా మానేసే హక్కు అమ్మకి ఉంది, మానేస్తే మామూలు వైద్యం ఆపకూడదు. అమ్మగారికి చదవడం రాదన్నారు. అలాంటప్పుడు ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, ఆమెకి చదివి వినిపించాకే వేలిముద్ర. మీరొక్కరు సంతకం పెడితే సరిపోదు. అసలు అమ్మకేం కావాలో మీరు ఇంత పొడుగు ప్రశ్నలో ఒక్కచోటా రాయలేదు బాబూ. ఆమెని కూర్చోబెట్టి మేనమామగారి ముందే అడగండి.

ట్రయల్ నిజమైనదేనా అన్న అనుమానానికి మందు సులువే. కాగితంలో సీటీఆర్ఐ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌నీ ఆ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. నెట్‌లో నంబరు కొడితే ఏ దశ, ఏ ఆసుపత్రులు, పేషెంట్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితంలోనే ఉంటుంది, డాక్టరుగారికి చెప్పకుండా నేరుగా చేయొచ్చు. డబ్బు విషయం: ట్రయల్ మందు, దాని కోసమే చేసే పరీక్షలు ఉచితం. బస్సు, ఆటో ఖర్చులు ఇస్తారా, స్కాన్లన్నీ వాళ్లవేనా, ట్రయల్ అయిపోయాక మందు పనిచేస్తుంటే ఇస్తూనే ఉంటారా, ఈ మూడూ అడిగి రాయించుకోండి.

గురువారం వెళ్లేలోపు ఒక పని చేయండి. పీడీ-ఎల్1 పరీక్షకి పాత ఆపరేషన్‌లో తీసిన ముక్క కావాలి. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పెథాలజీలో అడిగి మైనపు బ్లాకు తెచ్చుకోండి. స్లైడ్లు ఇచ్చి పంపేస్తారు, అవి చాలవు, బ్లాకే కావాలని చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు జిరాక్సులు, అమ్మగారి ఆధార్ పట్టుకెళ్లండి. బ్లాకు లేక స్క్రీనింగ్ గడువు దాటిపోయి మొదటికొచ్చినవాళ్లని చాలామందిని చూశాను. బ్లాకు ఎండలో పెట్టిన బండి డిక్కీలో వదిలేయకండి, మైనం కరుగుతుంది.